నాలుగు గాదెల ధాన్యం ఒకే గాదెలో

ఒక రైతు ఇంట్లో నాలుగు చిన్న గాదెలున్నాయి. వాటి బదులు ఆయన ఒక పెద్ద గాదె కట్టించి, ధాన్యమంతా అందులోకి మార్పించాడు. చిన్న గాదెలు ఖాళీ అయ్యాయి. ఇందులో వింతేముంది? ఒకే గింజ ఒకే సమయంలో రెండు గాదెల్లో ఉండలేదు కదా!

కంప్యూటరు డిస్కుల సంగతి అలా కాదు. అక్కడ ‘గింజ’ పాత చోటా ఉండగలదు, కొత్త చోటా ఉండగలదు. ఈ తేడాను గుర్తుపెట్టుకున్నవారి సమాచారం భద్రంగా ఉంటుంది. మరచినవారు ఏళ్ల తరబడి దాచుకున్నదంతా ఒక్క రోజులో పోగొట్టుకోవచ్చు.

ఇంటి సర్వరు

కొందరి ఇళ్లలో ఒక కంప్యూటరు రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, పాఠాలు, కాగితాల నకళ్లు దానిలో ఉంటాయి. ఇంట్లోని ఫోను గాని, టీవీ గాని అడిగినప్పుడు అది వాటిని అందిస్తుంది. దీనినే ఇంటి సర్వరు అంటారు.

మొదట ఇందులో ఒక డిస్కు ఉంటుంది. అది నిండగానే రెండవది, తరువాత మూడవది, నాలుగవది వచ్చి చేరతాయి. ఒక్కొక్కటి 2 టెరాబైట్ల డిస్కు అనుకుందాం. టెరాబైటు అంటే లక్ష కోట్ల బైట్లు. ఒక ఫోటోకు 40 లక్షల బైట్లు కావాలనుకుంటే, ఒక టెరాబైటులో రెండున్నర లక్షల ఫోటోలు పడతాయి.

ఈ నాలుగింటి బదులు 8 టెరాబైట్ల డిస్కు ఒక్కటి పెడితే లాభమేమిటి? చోటు, వేడి, చప్పుడు తగ్గుతాయి. విద్యుత్తు కూడా ఆదా అవుతుంది. ఒక్కో డిస్కు 6 వాట్లు వాడుతుందనుకోండి. మూడు డిస్కులు తగ్గితే 18 వాట్లు మిగులుతాయి. ఏడాదికి 8,760 గంటలు. గుణిస్తే సుమారు 158 యూనిట్లు!

అదే పెట్టెలో అంత ఎలా పట్టింది?

డిస్కు లోపల అయస్కాంత పదార్థం పూత పూసిన గుండ్రని పళ్లేలు ఉంటాయి. చాలా డిస్కుల్లో అవి నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతాయి. పళ్లెం మీద ఒక సన్నని చేయి కదులుతూ, దాని కొనతో చిన్న చిన్న ప్రాంతాలను అయస్కాంతీకరిస్తుంది. ఆ అయస్కాంతత్వపు దిశలే 0, 1 అనే గుర్తులు.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తయారుచేసిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అది ఒక టన్ను బరువుండేది. అందులో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి ఫోటో ఒక్కటి దానిని దాదాపు నింపేస్తుంది! తరువాత ఒక్కొక్క గుర్తుకు కావలసిన చోటు తగ్గుతూ వచ్చింది. 2013లో హీలియం వాయువు నింపిన డిస్కులు అమ్మకానికి వచ్చాయి. హీలియం సాంద్రత గాలి సాంద్రతలో సుమారు ఏడవ వంతే. కనుక పళ్లేలకు ఒరిపిడి, అదురు తగ్గుతాయి. వాటిని పలచగా చేసి, ఎక్కువ సంఖ్యలో పేర్చవచ్చు.

పెద్ద డిస్కుతో మరొక చిక్కు ఉంది. డిస్కులోని ప్రతి గదికీ ఒక నంబరు ఉంటుంది. పాత పద్ధతిలో ఆ నంబరును 32 ద్విసంఖ్యాంకెలతో రాసేవారు. అంటే సుమారు 429 కోట్ల గదులు. గదికి 512 బైట్ల చొప్పున 2.2 టెరాబైట్ల వరకే లెక్క అందుతుంది. ఆపై ఉన్న చోటు కంప్యూటరుకు కనపడదు. అందుకే పెద్ద డిస్కును 64 అంకెల కొత్త పద్ధతిలో సిద్ధం చేయాలి.

తరలించడమా, నకలు తీయడమా?

ఒకే డిస్కులో ఫైలును ఒక సంచి నుంచి మరొక సంచికి మార్చితే కంప్యూటరు ఫైలును కదిలించదు. పట్టికలో చిరునామా మాత్రం మార్చుతుంది. వేరే డిస్కుకు ‘తరలించు’ అంటే మాత్రం అది రెండు పనులు చేస్తుంది: ముందు నకలు తీస్తుంది, తరువాత పాతది చెరిపివేస్తుంది. నకలులో తప్పు దొర్లితే? చూసుకునే సరికి అసలు ఉండదు. కనుక ‘తరలించు’ అనకూడదు, ‘నకలు తీయి’ అనాలి.

నకలుకు ఎంతసేపు పడుతుంది? సెకనుకు 20 కోట్ల బైట్ల వేగమనుకుంటే, 8 టెరాబైట్లకు 40,000 సెకన్లు, అంటే 11 గంటలకు పైగా కావాలి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే చేయి అటూ ఇటూ తిరగవలసి వస్తుంది. అప్పుడు ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా కరెంటు పోవచ్చు కూడా!

ఇంకొక జాగ్రత్త. నాలుగు డిస్కుల్లోనూ ‘ఫోటోలు’ అనే సంచి, అందులో ‘1’ అనే ఫైలు ఉండవచ్చు. నాలుగింటినీ ఒకే చోట కుమ్మరిస్తే ఒకటి మరొకదానిని తుడిచిపెట్టే ప్రమాదముంది. ముందుగా కొత్త డిస్కులో నాలుగు వేరు వేరు సంచులు తెరవాలి. కలపడం తరువాత తీరికగా చేసుకోవచ్చు.

నకలు సరిగా ఉందా?

లక్షల ఫైళ్లను కళ్లతో పోల్చలేం. దీనికొక గణిత ఉపాయం ఉంది. అచ్చు పుస్తకాల వెనుక అట్ట మీద గీతల కింద 13 అంకెల సంఖ్య చూశారా? ఉదాహరణకు 9780306406157 తీసుకోండి. అంకెలను వరుసగా 1, 3, 1, 3... లతో గుణించి కూడండి. మొత్తం 100 వస్తుంది. మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడితే సంఖ్య సరైనదని గుర్తు. ఒక్క అంకె తప్పు రాసినా లెక్క కుదరదు. మీ దగ్గరున్న పుస్తకంతో చేసి చూడండి!

ఫైళ్లకు కూడా ఇటువంటి ‘సరిచూపు సంఖ్య’ కట్టవచ్చు. అయితే ఆ లెక్క చాలా జటిలం. ఎస్‌.హెచ్‌.ఎ.-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తుల సంఖ్య వస్తుంది. ఫైలులో ఒక్క 0 కాస్తా 1 అయినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. పాత ఫైలు సంఖ్య, కొత్త ఫైలు సంఖ్య ఒకటే అయితే నకలు సరిగా వచ్చినట్టే.

ఒకే బుట్టలో గుడ్లన్నీ

బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా సంస్థ తన దగ్గర పనిచేసే రెండు లక్షలకు పైగా డిస్కుల లెక్కలు ప్రకటిస్తూ ఉంటుంది. ఏడాదికి నూటికి ఒకటో రెండో పాడవుతున్నాయి. రెండు అనుకుందాం.

నాలుగు డిస్కులుంటే, ఏడాదిలో ఒకటైనా పాడయ్యే అవకాశం నూటికి దాదాపు 8. కాని పోయేది పావు వంతు. పెద్ద డిస్కు ఒక్కటే ఉంటే పాడయ్యే అవకాశం నూటికి 2. కాని పోయేది మొత్తం! సగటున చూస్తే నష్టం రెండింటా ఒక్కటే. అంటే డిస్కులను కలపడం వల్ల భద్రత పెరగలేదు.

భద్రత పెరిగేది రెండవ నకలుతోనే. విడివిడిగా ఉన్న రెండు డిస్కులూ ఒకే ఏడాది పాడయ్యే అవకాశం పదివేలకు 4 మాత్రమే. అయితే రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఈ లెక్క చెల్లదు. ఒక్క పిడుగుపాటు రెండింటినీ కాల్చివేయగలదు.

1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. దాచిన నకళ్లు తీసి చూస్తే అవి సరిగా లేవు! చివరకు, ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక సాంకేతిక నిపుణురాలి ఇంట్లో ఉన్న నకలే ఆదుకుంది. చిత్రం 1999లో విడుదలైంది. ఆ నకళ్లను ఎవరైనా ముందే సరిచూసి ఉంటే అంత గాబరా ఉండేది కాదు.

మరి ఖాళీ అయిన నాలుగు చిన్న డిస్కులను ఏం చేయాలి? నిజానికి అవి ఖాళీ కాలేదు. చెరపకపోతే మొత్తం సమాచారపు రెండవ నకలు అవే! వాటిని పెట్టె నుంచి తీసి, పొడిగా ఉండే చోట, వీలైతే బంధువుల ఇంట్లో భద్రపరచాలి. అప్పుడప్పుడు తెచ్చి, కొత్త ఫైళ్లు కూడా చేర్చి, సరిచూడాలి. గాదె మార్చిన రైతుకు ధాన్యం రెట్టింపు కాలేదు. డిస్కు మార్చినవారికి మాత్రం, పాతవి చెరపనంతకాలం, సమాచారం రెండు చోట్ల ఉంటుంది.