ఉమ్రా ప్రయాణంలో చేతిసంచి

సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కితే బెర్తు కింద ఎంత సామానైనా తోసేస్తాం. ఉమ్రాకు వెళ్ళే సోదరులు శంషాబాద్ నుంచి విమానమెక్కినప్పుడూ అలాగే చేయబోతారు. సీట్లపైనున్న అర అందుకు ఒప్పుకోదు. ఎకానమీ తరగతిలో చేతిసంచికి సాధారణంగా 7 కిలోలే హద్దు. పైన జేబులు ఉబ్బిన సంచి తూకంలో నెగ్గినా అర మూత పడనివ్వదు.

మేము ముఖ్యంగా చెప్పదలచింది మరొకటి. జిద్దా విమానం దిగకముందే మీఖాత్ దాటిపోతుంది. ఉమ్రాకు వెళ్ళేవారు ఇహ్రామ్ లేకుండా ఆ హద్దు దాటితే వెనక్కి వెళ్ళాలి, లేదా దమ్ (ఖుర్బానీ) ఇవ్వాలి. ఇహ్రామ్ బట్టలు పెద్ద పెట్టెలో వేసి కౌంటరులో అప్పగించినవారు ఆకాశంలో వాటిని ఎక్కడి నుంచి తెస్తారు? పై అరలో పెట్టినా చిక్కే. మీఖాత్ వస్తోందని ప్రకటించగానే అందరూ లేచి అరలు తెరుస్తారు. ఏ వృద్ధుని తలపైనో సంచి పడుతుంది. మరుగుదొడ్డి ముందు బారు సరేసరి!

కాబట్టి పురుషులు ఆ రెండు వస్త్రాలు ఇంట్లోనే ధరించి బయలుదేరడం మేలు. నియ్యత్, తల్బియా మీఖాత్ సమీపించాక చేయవచ్చు. కాదంటే వాటిని చిన్న సంచిలో వేసి ముందు సీటు కింద ఉంచుకోవాలి. మందులు, పాస్‌పోర్టు కూడా అక్కడే. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు. ముందుగా మదీనా చేరేవారికి విమానంలో ఈ తొందర లేదు.

కత్తెర పెద్ద పెట్టెలో వేయాలి. పవర్ బ్యాంకు మాత్రం అందులో వేయరాదు, దగ్గరే ఉంచుకోవాలి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం పై అరలోనే నిప్పు పుట్టింది. తిరుగు ప్రయాణంలో జమ్‌జమ్ క్యానును అరలోకి ఎక్కించనివ్వరు, విడిగా అప్పగించాలి.