బావినీరు ఉప్పగా ఉండనేల?

నీటిని గూర్చి వ్రాయుమన్నచో మన విద్యార్థులు పలువురు "నీరు మూడు విధములు: మంచినీరు, ఉప్పునీరు, భూగర్భజలము" అని వ్రాయుచుందురు. ఈ విభాగము సరియైనది కాదు. మొదటి రెండును నీటి గుణమును తెలుపు మాటలు. మూడవది నీరున్న చోటును తెలుపు మాట. కావున భూగర్భజలము మంచినీరును కావచ్చును, ఉప్పునీరును కావచ్చును. ఈ భేదమెరుగుట పరీక్షలకే గాక మన ఆరోగ్యమునకును అవసరము.

భూమిపై గల నీటిలో నూటికి సుమారు 97 పాళ్లు సముద్రజలమే. దానిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణములు కరగియుండును. ఇక మంచినీటిలో మూడింట రెండు వంతులకు పైగా మంచుగడ్డలై యున్నది. మిగిలినదానిలో అధికభాగము నేల క్రిందనే కలదు. నదులలోను, చెరువులలోను మనము చూచునది అత్యల్పము.

మన రాయచూరు జిల్లాకు ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర ప్రవహించుచున్నవి. సముద్రము మిక్కిలి దూరము. అయినను ఇచ్చటి కొన్ని బావులు ఉప్పుబావులగుటకు కారణమేమి? వాననీరు ఇంకునపుడు మట్టిలోను, రాతి పగుళ్లలోను గల లవణములను కరగించుకొనును. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అగుటచే అవి కొట్టుకొనిపోక నిలిచిపోవును. పగుళ్లు అంతటను ఒకే తీరున ఉండవు. కనుకనే ఒకే ఊరిలో ఒకటి మంచినీళ్ల బావియు, వేరొకటి వాడుకనీళ్ల బావియు అగుచున్నవి.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైనది. దాని ఎడమ కాలువను నమ్మి వచ్చి, సింధనూరు, మాన్వి ప్రాంతములలోని క్యాంపులలో స్థిరపడిన తెలుగు రైతులు అనేకులు కలరు. కాలువనీరు మంచినీరే. కాని మురుగు పోవు దారి లేని నల్లరేగడిలో దానిని అమితముగా పారించినచో, నేల క్రింది నీటిమట్టము పైకి వచ్చును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి పీల్చును. నీరు ఎండకు ఆవిరియగును, ఉప్పు తెల్లని పొరగా మిగులును. పంటనేల చౌడుబారుట ఇట్లే.

ఉప్పును నాలుక పసిగట్టును గాని, నీటిలోని ఫ్లోరైడును పసిగట్టజాలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని పసితనమునుండి త్రాగినచో దంతములపై మచ్చలేర్పడును. మిక్కిలి హెచ్చైనచో ఏండ్లు గడచినకొలది ఎముకలు చెడును. నల్లగొండ, ప్రకాశము జిల్లాలవలెనే మన జిల్లాలోని పలు గ్రామములును ఈ బాధ నెరిగినవే. నీటిని కాచినచో సూక్ష్మజీవులు నశించును. ఉప్పు గాని, ఫ్లోరైడు గాని పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది వాటి పాలు ఇంకను హెచ్చును.

కావున కాలువనీటిని వడగట్టి, కాచి త్రాగవలెను. బోరునీరు ఎంత తేటగా నున్నను పరీక్ష చేయింపక త్రాగరాదు. విద్యార్థులారా! పరీక్షాఫలితము కన్నడములో నున్నచో, దానిని చదివి మీ తల్లికి తెలుగున చెప్పుడు. రెండు భాషలు నేర్చిన మీరు ఇంటికి చేయగల మేలు ఇది.