మీకు తెలుసా? పోప్‌ను కాదన్న కొంకణీ క్యాథలిక్కులు

కర్ణాటక తీరంలో ఉడుపి దగ్గర బ్రహ్మావర్‌లో కొంకణీ మాట్లాడే క్రైస్తవులున్నారు. పూర్వీకులు రోమన్ క్యాథలిక్కులే. కానీ వీళ్లు పోప్ అధికారం కిందికి రారు! మలంకర ఆర్థడాక్స్ సంఘంలో ఉంటూ, సిరియన్ పద్ధతి ఆరాధనను కొంకణీలో జరుపుకుంటారు.

రోమ్‌తో వీళ్ల గొడవ నమ్మకాల గురించి కాదు, పెత్తనం గురించి. పశ్చిమ తీరంలో చాలా చర్చిలపై పోర్చుగల్ రాజుకు పాత హక్కులుండేవి. 1886లో పోప్‌కూ పోర్చుగల్‌కూ ఒప్పందం కుదిరింది. గోవా ఆర్చిబిషప్ చేతిలోని ఎన్నో చర్చిలు రోమ్ నేరుగా నియమించే బిషప్పులకు వెళ్లాయి. అక్కడి జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

గోవాలోని వెర్నాలో పుట్టిన ఆల్వారిస్ అనే పాద్రీ దీనికి ఎదురు తిరిగారు. 1889లో కేరళలోని మలంకర ఆర్థడాక్స్ బిషప్పులు ఆయనను మార్ జూలియస్ పేరుతో బిషప్‌ను చేశారు. బ్రహ్మావర్ క్రైస్తవులు ఆయన వెంటే ఆ సంఘంలో చేరారు. గోవాలో పోర్చుగీసు ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసి, బిషప్ దుస్తులు లాగేసింది.

అయినా ఆల్వారిస్ ఊరుకోలేదు. కలరా చికిత్సపై పుస్తకం రాశారు, కరవు కాలానికి కర్రపెండలం సాగు చేయమని ప్రచారం చేశారు. 1892లో కొలంబోలో విలాట్ అనే పాద్రీని బిషప్‌గా అభిషేకించారు. అమెరికాలోని కొన్ని స్వతంత్ర క్యాథలిక్ సంఘాలు తమ బిషప్పుల పరంపరను ఈ విలాట్ దాకా చూపుతాయి. ఆల్వారిస్ 1923లో గోవాలో కన్నుమూశారు.