టంగ్‌స్టన్ ఆదాకు ‘జాలీ’ ఉత్ప్రేరకాలు

2025 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వం టంగ్‌స్టన్ సరకుల ఎగుమతిపై లైసెన్సు ఆంక్షలు విధించిన తర్వాత ఈ లోహం తేజీ పట్టింది. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 80 శాతం ఆ దేశానిదే. రాజస్థాన్‌లోని దేగానా గని మూతబడిన తర్వాత మన దేశానికి దిగుమతులే ప్రధాన ఆధారం. కోత పనిముట్ల తయారీదారుల ఇబ్బంది తెలిసిందే. రసాయన పరిశ్రమలో వాడకం స్వల్పమే గాని, అక్కడ నీటిలో కలిసిపోయిన సరకు తేలికగా తిరిగి చేతికి రాదు.

ఇక్కడ వాడే సరకు ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం. సోడియం టంగ్‌స్టేట్, ఫాస్ఫేట్ కలిపిన ద్రావణానికి ఆమ్లం చేర్చి దీనిని తయారు చేస్తారు. ఒక భాస్వరం పరమాణువు చుట్టూ 12 టంగ్‌స్టన్ పరమాణువులు బంతిలా అమరి ఉంటాయి. ఈ అమరికను 1933లో కెగ్గిన్ తేల్చారు. తేమ పూర్తిగా తీసి తూచితే బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా టంగ్‌స్టనే. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మించిన బలం దీనిది.

చిక్కల్లా ఒక్కటే. ఇది నీటిలో ఇట్టే కరిగిపోతుంది. సిలికా మీద పట్టించినా నీరు తగిలితే క్రమేణా ఊడివస్తుంది. కొనుగోలుదారు సొమ్ము కాలువ పాలైనట్టే.

ఈ నష్టాన్ని ఆపడానికి వచ్చినవే హైబ్రిడ్‌లు. రాగి నైట్రేటు, బెంజీన్ ట్రైకార్బాక్సిలిక్ ఆమ్లం, పై ఆమ్లం నీటిలో కలిపి, టెఫ్లాన్ లోపొర గల ఉక్కుపాత్రలో మూత బిగించి, నీరు మరిగే వేడిని మించి కాగబెడతారు. రాగి, సేంద్రియ ఆమ్లం జాలీగా అల్లుకుంటాయి. టంగ్‌స్టన్ బంతులు దాని గూళ్లలో చిక్కుకుంటాయి. గూటి ద్వారం కన్నా బంతి పెద్దది గనుక బయటికి జారదు. చిన్న అణువులు మాత్రం లోపలికి వెళ్లి, మార్పు చెంది వస్తాయి. 2009లో చైనాలోని ఈశాన్య నార్మల్ విశ్వవిద్యాలయం వారు ఇటువంటి సరకుతో ఎస్టర్లను నీటిలోనే విడగొట్టి చూపారు. పదేపదే వాడినా ఆమ్లం కారిపోలేదు. పెద్ద ఎస్టర్లకు మాత్రం ప్రవేశం కష్టమే.

సరకును కిలో ధరతో పోల్చితే లెక్క తప్పుతుంది. బరువులో కొంత జాలీదే గనుక కిలోకు టంగ్‌స్టన్ తక్కువ. సేంద్రియ ఆమ్లం ఖరీదు అదనం. ఒక విడత సరకుతో ఎన్ని బ్యాచీలు తీయవచ్చునన్నదే చూడాలి. పైగా రాగి జాలీ 300 డిగ్రీల ప్రాంతంలో చెడిపోతుంది. మసి పట్టిన ఉత్ప్రేరకాన్ని కాల్చి శుభ్రం చేసే పద్ధతి దీనికి పనికిరాదు. జపాన్‌లో 1997లో షోవా డెంకో ప్రారంభించిన ఎసిటిక్ ఆమ్లం తయారీ వంటి, ఆవిరి రూపంలో సాగే పనులకు సిలికా సరకే తగినది. నీరు తప్పనిసరిగా ఉండే పనుల్లోనే జాలీకి గిరాకీ రావచ్చు.