ఫ్రెంచి వర్తకుణ్ణి ఆపిన గుడి

1652లో జాన్ బాప్తిస్త్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గండికోటకు ప్రయాణం కట్టాడు. ఆ కోటను కొత్తగా చేజిక్కించుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడం ఆయన పని. దారిలో ఒక ఊళ్ళో గుడి కనిపించింది. పెద్ద పెద్ద రాళ్ళను చెక్కి కట్టిన కట్టడం, మూడు గోపురాలు, చుట్టూ పూజారుల గదులు, ఐదు వందల అంగల దూరంలో ఓ పెద్ద కొలను. గోపురాల మీది బొమ్మలు ఆయన కంటికి ఇంపుగా కనిపించలేదు. అయినా భారతదేశంలోని మహా ఆలయాల్లో ఇదొకటని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. పారిస్ నుంచి ఇస్పహాన్ దాకా, ఆగ్రా దాకా రాజధానులన్నీ తిరిగినవాడి మాట అది. ఆ ఊరు కడపకు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్ట. ఆ గుడి కోదండరాముడిది.

తిరుపతి రోడ్డు మీద బస్సు దిగగానే తూర్పు గోపురం కళ్ళబడుతుంది. ఐదంతస్తులు. మెట్లెక్కి దాని కిందుగా లోపలికి వెళ్ళాలి. ఉత్తరాన, దక్షిణాన మరో రెండు గోపురాలున్నాయి. ఈమధ్య చాలా గుళ్ళలో గోపురాలకు ఆకుపచ్చ, గులాబి, నీలం రంగులు దట్టంగా పూసేస్తున్నారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందువల్ల ఒంటిమిట్ట గోపురం ఆ పూత నుంచి తప్పించుకుంది. పొద్దుటి ఎండ పడితే నీడలు అంతస్తు అంతస్తుకూ విడివిడిగా తెలుస్తాయి. ఈ ఒక్క కారణంగానైనా విజయనగర శైలి గోపురం ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలంటే ఇక్కడికే తీసుకురావాలి.

గోపురం దాటితే దీర్ఘచతురస్రపు ప్రాకారం, విశాలమైన ఆవరణ. నడిమధ్య రంగమంటపం. ముప్పై రెండు స్తంభాలు. ఇక్కడ తొందరపడకూడదు. గర్భగుడిలో దర్శనానికి పరుగెత్తే జనం ఈ మంటపాన్ని వరండాలా దాటేసి పోతారు. నా లెక్కన ఒంటిమిట్టలో సగం సంపద ఇక్కడే ఉంది.

రాతి దూలానికి ఒక బలహీనత ఉంది. పైనుంచి ఎంత బరువు మోపినా రాయి ఓర్చుకుంటుంది. రెండు స్తంభాల మధ్య పొడుగ్గా పరిస్తే మాత్రం నడుము దగ్గర పగులుతుంది. రోమన్లు ఈ చిక్కును కమానులతో, కాంక్రీటుతో దాటారు. రెండో శతాబ్దంలో రోములో కట్టిన పాంథియన్ గుడికి 43 మీటర్ల అడ్డుకొలత గల గుమ్మటం వేశారు. లోపల ఒక్క స్తంభం లేదు. మన స్థపతులు గుడి కట్టడంలో కమాను జోలికి పోలేదు. స్తంభం తలమీంచి బోదెలను మెట్లు మెట్లుగా ముందుకు చాచి, దూలం దాటాల్సిన జాగాను తగ్గించారు. ఒంటిమిట్ట మంటపం నడిమి భాగంలో తలెత్తి చూస్తే ఆ బోదెలు వరసలు వరసలుగా లోపలికి వంగి కప్పును మోస్తుంటాయి. బరువు మోయాల్సిన ఆ భాగాన్నే ఎక్కువ నగిషీ చెక్కి ముస్తాబు చేశారు. రాయి బరువంతా ఎటు పోయిందా అనిపిస్తుంది.

కింద, నడిమి స్తంభాలకు యాళులు కాపలా. సింహం దేహంతో ముందుకు దూకబోతున్న ఈ వింత జంతువును స్తంభంతో కలిపి ఒకే రాతిలో తొలిచారు. మూలల స్తంభాలు మూడేసి వరసల బొమ్మలతో ఉంటాయి. అప్సరసలు, దేవతలు, పరిచారికలు. దక్షిణం వైపు కృష్ణుడు, విష్ణువు. గోవర్ధనాన్ని ఒంటి చేత్తో ఎత్తిన కృష్ణుడు ఒకచోట, కాళీయుడి పడగల మీద చిందేసేవాడు మరోచోట. ఒక స్తంభం మీద రాముడూ లక్ష్మణుడూ ఉన్నారు. రాముడు విల్లమ్ములు పట్టి నిటారుగా నిలబడ్డాడు. తమ్ముడు మాత్రం మూడు చోట్ల ఒళ్ళు వంచి, ఒక చేతిని ఊరికే వదిలేసి, వయ్యారంగా నిలుచున్నాడు. అన్నదమ్ముల తీరులోని తేడాను అడుగు మేర రాతిలో చూపించిన ఆ శిల్పి పేరు ఎక్కడా చెక్కలేదు.

గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలిశారు. అందుకే ఊరికి ఏకశిలానగరమని పేరు. పక్కన హనుమంతుడు ఉండడు. హనుమంతుడు రాముణ్ణి కలవకముందే ఇక్కడ వెలిసిన మూర్తులివి అని పెద్దలు చెబుతారు. హనుమంతుడికి గుడికి ఎదురుగా సంజీవరాయుడి పేరుతో వేరే ఆలయం ఉంది.

కట్టడం కథ ఒక్క రాజుతో అయిపోదు. స్థలపురాణం ఇద్దరు బోయ సోదరులతో మొదలవుతుంది: ఒంటుడు, మిట్టుడు. పద్నాలుగో శతాబ్దంలో ఉదయగిరి ఏలిన కంపరాయలు ఇటు వచ్చి దాహంతో అలసిపోతే ఆ అన్నదమ్ములు నీటి జాడ చూపారట. ఏం కావాలో కోరుకోమంటే గుడి కట్టించమన్నారట. కరువు సీమలో గుడి కథ దప్పికతో మొదలవడం సహజమే. ఇప్పుడు మనం చూసే వైభవం మాత్రం చాలావరకు పదహారో శతాబ్దపు విజయనగర కాలానిది. సదాశివరాయల ఏలుబడిలో ఊళ్ళను, మాన్యాలను దేవుడికి ఇచ్చినట్టు శాసనాలున్నాయి. ఆ తర్వాత సిద్ధవటం మట్లి రాజులు గుడిని సాకారు.

రాళ్ళకు దీటుగా పద్యాలూ ఇక్కడ పుట్టాయి. అయ్యలరాజు తిప్పయ్య ఒంటిమెట్ట రఘువీర శతకం రాశాడు. రామాభ్యుదయం రాసిన అయ్యలరాజు రామభద్రుడు ఆ వంశం వాడే. పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా అన్న వాదం నేటికీ తేలలేదు. కడపవాళ్ళు మాత్రం శ్రీరామనవమి రోజున ఇక్కడే పోతన జయంతి చేస్తారు, కవి సమ్మేళనం పెడతారు.

ఆవరణ బయట ఒక బావి ఉంది. కడప నవాబుల ప్రతినిధి ఇమాంబేగ్ తవ్వించాడు. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని ఆయన అడిగాడని, మూడుసార్లు రామా అని పిలిస్తే లోపలినుంచి ఓ అని వినిపించిందని, అందుకే బావి తవ్వించాడని ఊరి కథ. ఆ బావిని ఇప్పటికీ ఇమాంబేగ్ బావి అనే పిలుస్తారు. టావెర్నియర్ రాసిన కొలను దగ్గర్నుంచి ఈ బావి దాకా, ఈ గుడికి మేలు చేయాలనుకున్న ప్రతివాడూ రాయితో పాటు నీటినీ తలచాడు. సోమశిల జలాశయం వెనుక జలాలను ఎత్తిపోసి ఒంటిమిట్ట చెరువు నింపే పథకం ఆ వరసలో తాజాది.

రాజులు పోయాక గుడి పాడుబడింది. అప్పుడు వచ్చినవాడు వావిలికొలను సుబ్బారావు (1863–1936). మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నవాడు. ఆయన టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తాడు. రామయ్యకు నగలు, గుడికి మరమ్మతులు ఆ చిప్పలో పడిన కాసులతోనే చేయించాడు. ఆ చిప్ప మీదే ఒక శతకం కూడా రాశాడు. పెద్ద పండితుడు తన రాముడి కోసం చేయి చాచడానికి సిగ్గుపడలేదు. కంపరాయలతో, మట్లి రాజులతో సమానంగా ఈయన పేరు చెప్పుకోవాలి.

రాష్ట్రం విడిపోయి, అంతదాకా ప్రభుత్వ కల్యాణం జరిగిన భద్రాచలం తెలంగాణకు వెళ్ళాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలతో రాములవారి కల్యాణం ఇక్కడ జరుగుతోంది. అదే ఏడాది ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చింది. అన్ని చోట్లా నవమి పగటి పూట పెళ్ళి చేస్తే, ఒంటిమిట్టలో చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి వెన్నెల్లో చేస్తారు. పగటి పెళ్ళిని చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే రాముడు ఇచ్చిన వరమట.

కడప నుంచి రాజంపేట, తిరుపతి వెళ్ళే ఆర్టీసీ బస్సులు గుడి ముందే ఆగుతాయి. రైల్లో వచ్చేవాళ్ళు కడపలో దిగడం మేలు. ఒంటిమిట్ట స్టేషన్లో ఆగే బళ్ళు తక్కువ. శిల్పాలు చూడాలనుకునేవాళ్ళు కల్యాణం రోజుల రద్దీ తప్పించుకుని, ఎండ ముదరకముందే రావాలి. పూట మిగిలితే రాజంపేట దారిలోనే నందలూరు సౌమ్యనాథస్వామి ఆలయం ఉంది. పెన్న ఒడ్డున సిద్ధవటం కోటా దూరం కాదు.