సీటు కింద దొంగ స్విచ్

పట్టిసీమ వీరభద్రస్వామి గుడి గోదావరి మధ్యలో, దేవకూట పర్వతం మీద ఉంది. బండి ఎంత కొత్తదైనా ఒడ్డున వదిలి, పడవో లాంచీయో ఎక్కాల్సిందే. శివరాత్రి రద్దీలో తిరిగొచ్చేదాకా దానికి కాపలా హ్యాండిల్ లాకు ఒక్కటే.

పక్క చక్రాలు బిగించిన దివ్యాంగుల స్కూటర్లకు గండం ఇంకాస్త ఎక్కువ. స్టాండు లేకున్నా నిలబడే బండిని లాకు విరిచాక నెట్టుకుపోవడం సులువు.

దొంగ బండిని స్టార్ట్ చేయకుండా కొందరు రహస్య స్విచ్ పెట్టిస్తారు. పాత కార్బ్యురేటర్ బళ్లలో అది స్పార్కును ఆపుతుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక చాలా బళ్లు ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో పెట్రోలు పంపు రిలేకి వెళ్లే సన్నని వైరును తెంపి మధ్యలో స్విచ్ కలుపుతారు. తాళం తిరుగుతుంది, సెల్ఫ్ మోగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. స్విచ్ ఉన్న చోటు ఇంట్లో చెప్పకపోతే తమ్ముడే బండి పాడైందని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తాడు!

అసలు కిటుకు అతుకులో ఉంది. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే వానకు చిలుము పడుతుంది. టంకం వేసి, ష్రింక్ స్లీవ్ తొడిగి, స్విచ్‌కు రబ్బరు టోపీ పెట్టాలి. లేదంటే రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన నడిమధ్యన ఇంజిన్ ఆగిపోవచ్చు. దొంగతనం కన్నా అదే ప్రమాదం. కొత్త బండైతే వైరు కోసేముందు వారంటీ సంగతి డీలర్‌ను అడగండి.

నెట్టుకుపోయేవాణ్నీ, ట్రాలీ ఆటోలోకి ఎత్తుకుపోయేవాణ్నీ ఏ స్విచ్చూ ఆపలేదు. చక్రానికి గొలుసు వేసి స్తంభానికి కట్టండి.