కలుపులోని కూరను కాపాడుకుందాం

మృగశిర కార్తెలో రెండు వానలు పడి విత్తనం మొలిచేసరికి, దాని వెంటే కలుపూ లేస్తుంది. ఆ కలుపంతా పారేసేది కాదు. గునుగు, దొగ్గలి, గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి వంటి మంచి కూరలు అందులోనే ఉంటాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కలుపుకు పోయిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళకు కొంగులో కూర కట్టుకుని రావడం అందరికీ తెలిసిందే. అంగట్లో కూరగాయలు పిరమై, చేతిలో పైసలు ఆడని ఆషాఢ, శ్రావణ మాసాల్లో పూట గడిపేది ఈ కూరలే.

ఎందుకు తగ్గిపోతున్నాయి?

జొన్న, కంది, పెసర కలిపి వేసే చెల్కల్లో ఒక్క పత్తి, ఒక్క మక్క వచ్చి చేరాయి. కూలీలు దొరకక రైతులు కలుపు మందుకు అలవాటు పడ్డారు. మక్క విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే అట్రజిన్ కొడితే వెడల్పాకు కలుపు చాలావరకు మొలవదు. దాంతోపాటే కూర కూడా పోతుంది.

మందు కొట్టిన చేనులో ఏరవద్దు

పత్తిలో మొలిచిన గునుగు కంటికి ఎంత నిగనిగలాడినా కూరకు పనికిరాదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధించారు. అటువంటి మందు పత్తికి కొడితే సాలు మధ్యనున్న కూర మీదా పడుతుంది. కడిగినంత మాత్రాన మందు పూర్తిగా పోదు. పక్క చేనులో మందు కొట్టినా ఆ గట్టున ఏరకపోవడమే మంచిది.

ఒక్క గుంట వదలండి

ఎకరంలో నలభయ్యో వంతు, అంటే ఒక్క గుంట, ఏ మందూ కొట్టకుండా ఉంచుకోవాలి. మందు నీళ్లు పారిరాని ఎగువ మూలన, బావి దగ్గర అయితే మేలు. అక్కడ జొన్న, కంది, అనుములు కలిపి వేస్తే మధ్యలో కూర దానంతట అదే మొలుస్తుంది. విత్తనం కొనే పని లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి సాగు చేయని కూరలకు పంటతో సమానమైన విలువ ఇస్తున్నాయి.

గునుగు ఒక్క మొక్క ముదిరితే వేల గింజలు రాలుస్తుంది. అందుకే పూత రాకముందే లేతగా పీకి వండుకుంటే కూరా దక్కుతుంది, కలుపూ తీసినట్లవుతుంది. గట్టున నాలుగు మొక్కలు వదిలితే బతుకమ్మకు పువ్వు ఉంటుంది.

గుర్తుపట్టి ఏరాలి

గంగవాయిలికి మందపాటి చిన్న ఆకులు, ఎర్రటి కాడలు ఉంటాయి, రుచి పులుపు. దొగ్గలి తోటకూర జాతిదే. పొన్నగంటి తడి గట్లలో పాకుతుంది. తుమ్మి తెల్లగా పూస్తుంది, కాస్త చేదు. వినాయక చవితి నాడు వండుకునేది ఇదే. లేత ఉమ్మెత్త మొక్కలు తోటకూరలో కలిసి మొలుస్తాయి. అది విషం. ఆకు నలిపి వాసన చూస్తే తేడా తెలుస్తుంది. వయ్యారిభామను ముట్టుకోనే వద్దు, ఒంటికి దురద పెడుతుంది. అనుమానం ఉన్న ఆకును పారేయడమే క్షేమం. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాకే పొయ్యి మీద పెట్టాలి.

వండే తీరు

మూడు సార్లు కడిగి, గునుగు, దొగ్గలి ఆకులను ఒక పొంగు ఉడికించి నీళ్లు వంపేయాలి. చిన్న గిన్నెడు పెసరపప్పుకు నాలుగు గుప్పెళ్ల కలగూర, పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు వేసి ఉడికించాలి. ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయతో పోపు పెట్టాలి. గంగవాయిలి ఉంటే చింతపండు తగ్గించాలి. తుమ్మికి మాత్రం చింతపండు కాస్త ఎక్కువే పడుతుంది. జొన్నరొట్టెలోకి, మక్కగట్కలోకి బాగుంటుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు డాక్టరును అడిగి తినాలి.

ఆకుకూరల్లో ఇనుము, సున్నం, విటమిన్-ఎ ఉంటాయి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఇవి అవసరం. కాబట్టి రైతు సోదరులు ఈ వానకాలం కలుపు మందు తెచ్చేముందు ఇంట్లో ఆడవాళ్లను అడగాలి. కూర ఏ మూలన బాగా మొలుస్తుందో వాళ్లకే తెలుసు. వాళ్లు చూపిన గుంటను మందుకు దూరంగా ఉంచితే చాలు.